మాల్కంకి మన హాల్లో కుర్చీ లేదా?

మన సంఘం సినిమా ఉపసంఘంవారు ఈ చలికాలపు ప్రదర్శనలకు బొమ్మలు ఎంపిక చేస్తూ, మేము సూచించిన 'మాల్కం' అనే ఆస్ట్రేలియా చిత్రాన్ని పక్కన పెట్టారు. పెట్టడం వారి హక్కు, కాదనం. కాని కారణం చెప్పమంటే వారు సెలవిచ్చిన మాటలు విన్నాక ఊరుకోవడం మా వల్ల కాలేదు. బ్యాంకు దోచే కథ పిల్లలకు చూపిస్తామా అన్నారు ఒకరు. మతి సరిగా లేనివాణ్ణి చూసి నవ్వడం మర్యాద కాదన్నారు ఇంకొకరు. అందరిలోకీ పెద్దవారు, "అయినా ఆ తెల్లవాళ్ళ ట్రాముల గొడవ మనకెందుకండీ, కుటుంబాలు వచ్చే చోట?" అని తేల్చేశారు. అసలు పేచీ ఆ మూడో మాట దగ్గరే. మొదటి రెండూ దాని చుట్టూ కట్టిన తడికలు.

మేమంటే ఎవరో కూడా చెప్పాలి. కెల్లీవిల్, బెల్లా విస్టా, రౌస్ హిల్ ప్రాంతాల్లో కాపురముంటున్న నాలుగైదు కుటుంబాల వాళ్ళం. చందా ఏటేటా కడుతున్నవాళ్ళం. ఉగాదికి పచ్చడి కలిపేవాళ్ళం, సంక్రాంతికి కుర్చీలు మోసేవాళ్ళం. అంచేత మాకు మాట్లాడే అర్హత ఉందనే అనుకుంటున్నాం.

సినిమా చూడనివారి కోసం కథ క్లుప్తంగా. 1986లో మెల్‌బోర్న్‌లో తీసిన చిత్రం. దర్శకురాలు నాడియా టాస్, ఆవిడకు అదే మొదటి చిత్రం. కథ రాసి, కెమెరా పట్టినది ఆవిడ భర్త డేవిడ్ పార్కర్. మాల్కం అనే యువకుడు ట్రాముల సంస్థలో పనిచేస్తుంటాడు. నోరు తెరిస్తే మాట పెగలదు, మనిషి కళ్ళలోకి చూడలేడు. కాని ఏ యంత్రమైనా వాడి చేతిలో చెప్పినట్టు వింటుంది. సంస్థవారి సామాన్లతోనే ఒక్క మనిషి కూర్చునేంత చిన్న ట్రాము తయారుచేసి, రాత్రిపూట ఊరి పట్టాల మీద నడుపుతాడు. పైవాళ్ళు చూసి ఉద్యోగం పీకేస్తారు. తల్లి చనిపోయింది, ఇల్లు ఖాళీ, చేతిలో డబ్బు లేదు. ఒక గది అద్దెకిస్తాడు. వచ్చినవాడు ఫ్రాంక్, జైలు నుంచి కొత్తగా విడుదలైన చిల్లర దొంగ. వాడి వెనకాలే వాడి ప్రియురాలు జూడిత్. మాల్కం వాళ్ళ దొంగతనాల సంగతి తెలిసి బెదరడు. పైగా, మీ పద్ధతి బాగా లేదు, దీన్ని యంత్రాలతో ఇంకా నాణ్యంగా చెయ్యొచ్చు అన్నట్టు పని మొదలుపెడతాడు! నిట్టనిలువునా రెండుగా చీలి, రెండు చక్రాల మీద ఒక సగం అటూ ఒక సగం ఇటూ పరుగెత్తే పసుప్పచ్చ కారు ఒకటి చేస్తాడు. వెంబడించే పోలీసులు ఏ సగాన్ని తరమాలో తెలీక నోళ్ళు వెళ్ళబెడతారు. దూరం నుంచి మీటలతో నడిపే బొమ్మలు వెళ్ళి బ్యాంకు సొమ్ము అడుగుతాయి. కడపట ముగ్గురూ పోర్చుగల్‌లోని లిస్బన్ చేరతారు. ఎందుకంటే ఆ ఊళ్ళోనూ ట్రాములున్నాయి మరి!

ఇంతే కథ. గంటన్నరలో అయిపోతుంది. పెద్ద ఖర్చేమీ పెట్టి తీసింది కాదు. ఆ సంవత్సరం ఆస్ట్రేలియన్ ఫిలిం ఇన్‌స్టిట్యూట్ వారు ఉత్తమ చిత్రంతో కలిపి దీనికి 8 బహుమతులిచ్చారు. దర్శకత్వం, రచన, మాల్కంగా వేసిన కాలిన్ ఫ్రీల్స్, ఫ్రాంక్‌గా వేసిన జాన్ హార్‌గ్రీవ్స్, జూడిత్‌గా వేసిన లిండీ డేవిస్, అందరికీ వచ్చాయి. హాలీవుడ్ వారు 'రెయిన్ మ్యాన్' తీసి లోకాన్నంతా ఏడిపించింది దీనికి రెండేళ్ళ తర్వాత, 1988లో.

ఇక దోపిడీ సంగతి. మన ఉపసంఘంవారికి బ్యాంకు దోపిడీ అంటే ఇంత జంకు ఎప్పట్నుంచి పుట్టిందో మాకు అంతుబట్టడం లేదు. 1991లో వచ్చిన 'క్షణ క్షణం' మొదలయ్యేదే బ్యాంకు దోపిడీతో కదా. ఆ సొమ్ము వెంట పరేష్ రావల్ ముఠా తరుముతుంటే, వెంకటేష్, శ్రీదేవి అడవులు పట్టి పరిగెడుతుంటే, పిల్లాపాపలతో కూర్చుని చూశాం. 1993లో 'మనీ'. చేతిలో చిల్లిగవ్వ లేని ఇద్దరు స్నేహితులు డబ్బున్నాయన భార్యను ఎత్తుకుపోతారు. ఆ మొగుడు పీడా పోయిందనుకుంటాడు. ఖాన్ దాదా వేషంలో బ్రహ్మానందం చేసిన అల్లరికి ఇప్పటికీ మన విందుల్లో మగవాళ్ళు పడీ పడీ నవ్వుతారు. అప్పుడెవరూ, "అయ్యో, మనుషుల్ని అపహరించడం పిల్లలు నేర్చుకుంటారే" అని లేచి వెళ్ళిపోలేదు. మనవాడు తెలుగులో దొంగతనం చేస్తే చమత్కారం, మెల్‌బోర్న్‌లో ఒకడు ఇంగ్లీషులో చేస్తే నేరమూనా? వెన్నదొంగకు ఏటా ఉట్టి కట్టి పూజ చేసే జాతి వాళ్ళమండీ మనం!

పైగా ఈ దేశంలో బ్యాంకుకీ దోపిడీకీ ఉన్న చుట్టరికం మాల్కం ఒక్కడే కలిపింది కాదు. 2017 డిసెంబరులో వేసిన రాయల్ కమిషన్ 2019 ఫిబ్రవరిలో తుది నివేదిక ఇచ్చింది. చెయ్యని సేవలకు రుసుములు గుంజడం దగ్గర్నుంచి, చనిపోయినవాళ్ళ ఖాతాల్లోంచి కూడా రుసుము లాగడం దాకా ఆ విచారణలో బయటపడ్డాయి. అది చేసినవాళ్ళెవరూ ముసుగులు తొడుక్కోలేదు. టైలు కట్టుకుని, ఇరవయ్యో అంతస్తులో కూర్చుని చేశారు. ఆ బ్యాంకుల కంప్యూటర్లు నడిపే ఉద్యోగాల్లోనే మనలో సగం మంది బతుకుతున్నాం. అదేమీ తప్పు కాదు. కాని పిల్లలకు బ్యాంకుల మీద గౌరవం తగ్గుతుందేమోనని సినిమా ఆపే శ్రమ మాత్రం మనం పడనక్కర్లేదు.

రెండో మాట కాస్త బరువైనది. మతి సరిగా లేనివాణ్ణి చూసి నవ్వడం మర్యాద కాదు. నిజమే. నూటికి నూరుపాళ్ళు నిజం. అయితే ఈ మర్యాద మనకు ఎప్పుడొచ్చింది? నత్తివాడొస్తే నవ్వాం, చెవిటివాడొస్తే నవ్వాం, మెల్లకన్నువాడికీ, లావుపాటి ఆడమనిషికీ నవ్వాం. మన హాస్యచిత్రాల్లో ఇవి తీసేస్తే చాలావాటికి రెండో రీలు మిగలదు. 'మాల్కం'లో నవ్వు అలా పుట్టేది కాదు. వాడు తడబడినందుకు ఎవరూ నవ్వరు. వాడి బుర్ర ఎక్కడికి పోయిందో చూసి, ఔరా అని నవ్వుతారు. గూండాలా విర్రవీగే ఫ్రాంక్ వాడి ముందు దద్దమ్మలా నిలబడినందుకు నవ్వుతారు. అసలా చిత్రం వాడికి ఏ జబ్బు పేరూ అంటించదు. డాక్టరు రాడు, చీటీ రాయడు, నయం కాడు. చివరికి కూడా వాడు ఎలా ఉన్నవాడు అలాగే ఉంటాడు. పక్కన ఇద్దరు మనుషులు మాత్రం చేరతారు.

ఇక్కడ మన 'స్వాతిముత్యం' గురించి చెప్పకపోతే మాట పూర్తికాదు. అది కూడా 1986దే కావడం చిత్రం. ఒకే ఏడాది ఇక్కడ ఒక అమాయకుడు, అక్కడ ఒక అమాయకుడు. విశ్వనాథ్ గారి శివయ్యను మరిచిపోయిన తెలుగువాడు లేడు. శ్రీరామ కల్యాణం జరుగుతున్న గుడిలో, వితంతువైన లలిత మెడలో తాళి కట్టేసిన కమల్ హాసన్‌ను తల్చుకుంటే మా ఇళ్ళలో ఆడవాళ్ళకు ఇప్పటికీ కళ్ళు చెమరుస్తాయి. మగవాళ్ళకు కూడా, ఒప్పుకోరు గాని. ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ బహుమతి, ఆస్కార్ పోటీకి మన దేశం పంపిన మొదటి తెలుగు చిత్రమన్న కీర్తి, రెండూ దానికి దక్కాయి. దక్కవలసినవే. ఆ చిత్రాన్ని తక్కువచేసే దుర్బుద్ధి మాకు లేదు.

కాని రెండూ పక్కపక్కన పెట్టుకుని చూసినప్పుడు మాకు ఒక తేడా కనిపించింది. శివయ్యకు మనం ముత్యమని పేరు పెట్టాం. స్వాతి చినుకులా స్వచ్ఛమన్నాం. నాయనమ్మ ప్రేమనిచ్చాం, భార్యనిచ్చాం, పిల్లల్నిచ్చాం, కన్నీళ్ళతో దండం పెట్టాం. భుజం మీద చెయ్యేసి, "ఏరా, ఈ పని ఎలా చేస్తే బాగుంటుందంటావు?" అని సలహా అడిగే స్నేహితుణ్ణి మాత్రం ఇచ్చినట్టు మా కంటికి కనబడలేదు. ఫ్రాంక్ దగ్గర గొప్ప గుణాలేమీ లేవు. మోటువాడు, స్వార్థపరుడు, మొదట్లో మాల్కంని కసురుకుంటాడు కూడా. అయినా ఒక ఘడియలో వాడికి అర్థమవుతుంది, ఈ కుర్రవాడికి తనకంటే ఎక్కువ తెలుసునని. అప్పట్నుంచి వాడు మాల్కం మీద జాలిపడడం మానేసి, మాల్కంతో పనిచేస్తాడు. జూడిత్ వాడితో మామూలు మనిషితో మాట్లాడినట్టు మాట్లాడుతుంది. స్నేహమంటే ఆ చిత్రంలో అంతే. పొలికేకలు లేవు, ప్రాణత్యాగాలు లేవు. ఒకే బల్ల దగ్గర కూర్చుని ముగ్గురు కలిసి ఒక పని చెయ్యడం. ఆ పని బ్యాంకు దోచడం కావడం వాళ్ళ దురదృష్టం. ట్రాముల సంస్థవారు ఉద్యోగం పీకకుండా ఉంటే వాడు ట్రాములే చేసుకునేవాడు కదా. ఆ మాట కూడా చిత్రం చెప్పకనే చెబుతుంది.

వాళ్ళ సినిమా వాడికి స్నేహితుణ్ణీ, పనినీ ఇచ్చింది. మన సినిమా వాడికి దైవత్వం ఇచ్చింది. సినిమా హాలు దాటి మన ఇళ్ళకొస్తే, కెల్లీవిల్‌లోనూ, చుట్టుపక్కల మన కాలనీల్లోనూ, మనం వాడికి ఏమిస్తున్నాం? మేడ మీద ఒక గది. దానికి ఒక తలుపు. చుట్టాలొస్తే ఆ తలుపు వేసి ఉంటుంది.

ఇది అతిశయోక్తి అంటే మేము ఒప్పుకోం. మన సంఘంలో ఇన్ని కుటుంబాలున్నాయి. ఉగాది వేదిక ఎక్కే పిల్లల్ని లెక్కపెట్టండి. కూచిపూడి ఆడేవాళ్ళు, వేమన పద్యాలు అప్పగించేవాళ్ళు, సెలెక్టివ్ స్కూల్లో సీటొచ్చి శాలువా కప్పించుకునేవాళ్ళు. మాట ఆలస్యంగా వచ్చిన పిల్లవాడు, జనం చప్పట్లకు చెవులు మూసుకునే అమ్మాయి, ముప్పయ్యేళ్ళొచ్చినా తల్లి కొంగు పట్టుకుని నడిచే అబ్బాయి ఏ పండక్కి కనిపించారు? ఇన్ని వందల ఇళ్ళలో ఒక్కరూ లేరా? ఉన్నారు. ఉన్నారని ఆ ఇళ్ళవాళ్ళకు తెలుసు. ఒకరింటి సంగతి ఇంకొకరికి తెలీదు, అంతే. ఇంటిగుట్టు లంకకు చేటని పెద్దలన్నారుగా. ఆ సామెత రావణుడి కొంపకు సంబంధించింది గాని పసిపిల్లలకు సంబంధించింది కాదని మనకెవరూ చెప్పలేదు కాబోలు.

ఇలా దాచడం మన దుర్మార్గం వల్లనే పుట్టిందని మేము అనడం లేదు. భయం వల్ల పుట్టింది. ఆ భయానికి ఆధారం కూడా ఉంది. ఈ దేశపు వలస నిబంధనల్లో ఆరోగ్య పరీక్ష ఒకటుంది. శాశ్వత నివాసానికి అర్జీ పెట్టుకున్న కుటుంబంలో ఏ ఒక్కరి వైద్యానికైనా, సహాయ సేవలకైనా ప్రభుత్వం మీద పడే ఖర్చు ఒక హద్దు దాటుతుందని వైద్యాధికారి లెక్కగడితే, ఆ ఒక్కరికే కాదు, ఇంటిల్లిపాదికీ వీసా పోవచ్చు. ఒకరు తప్పితే అందరూ తప్పినట్టే! కొన్ని తరగతుల వీసాలకు మినహాయింపు అడిగే వీలుంది, కొన్నింటికి అదీ లేదు. ఆ హద్దును 2024లో 51,000 డాలర్ల నుంచి 86,000కు పెంచారు. పెంచారే గాని తీసెయ్యలేదు. 1992 నాటి అంగవైకల్య వివక్ష నిషేధ చట్టం ఉంది కదా అంటారేమో. వలస చట్టం కింద జరిగేవాటికి అది అడ్డు రాదని అందులోనే రాసి పెట్టారు. అంటే ఈ దేశం మాల్కం సినిమాకు 8 బహుమతులిచ్చింది గాని, మాల్కం వంటివాడు హైదరాబాదు నుంచో, గుంటూరు నుంచో అమ్మానాన్నల వెంట విమానం దిగి ఉంటానంటే ముందు లెక్కల పుస్తకం తీస్తుంది. ఇది తెలిసినవాళ్ళు పిల్లవాణ్ణి డాక్టరుకు చూపించడానికే జంకుతారు. కాగితాలు వచ్చేదాకా ఆగుదాం అనుకుంటారు. ఆ ఆగే రెండు మూడేళ్ళే, మాటలు నేర్పించేవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళవలసిన రెండు మూడేళ్ళు. ఆ తల్లిదండ్రుల్ని తప్పుపట్టే నోరు మాకు లేదు.

కాగితాలు వచ్చినవాళ్ళ సంగతి వేరు. పౌరసత్వం పుచ్చుకుని, చేతిలో చిన్న మొక్క పెట్టించుకుని, మేయరుగారితో ఫోటో దిగి పదిహేనేళ్ళయింది. ఇల్లు కట్టుకున్నాం, రెండోది కూడా కొన్నాం. 2013లో మొదలైన జాతీయ వైకల్య బీమా పథకం కింద సహాయం అడిగే హక్కు మనకుంది. ఇప్పుడు ఎవరిని చూసి దాస్తున్నాం? ప్రభుత్వాన్ని కాదు. ఒకరినొకరు చూసుకునే. "మీ పెద్దబ్బాయి ఏం చేస్తున్నాడండీ?" అన్న ప్రశ్నకు భయపడి దాస్తున్నాం. ఆ ప్రశ్న అడిగేది ఇమిగ్రేషన్ ఆఫీసరు కాదండీ, పులిహోర వడ్డించే వదినగారు. అడగడంలో ఆవిడకూ దురుద్దేశం లేదు. మన పలకరింపే అది. మార్కులు, సీటు, ఉద్యోగం, జీతం, పెళ్ళి అన్న అయిదు మెట్ల మీద పిల్లల్ని నిలబెట్టి చూడడం తప్ప మనకు ఇంకో కొలబద్ద లేకుండాపోయింది. మెట్టెక్కనివాడికి పేరే లేదు. వాడి చెల్లెలి పెళ్ళి సంబంధాలు చెడతాయని ఇంకో భయం. మేము ఎరిగిన ఇళ్ళలోనే పెళ్ళి చూపులనాడు అన్నగార్ని పక్కింటికి పంపినవాళ్ళున్నారు. ఎవరన్నది చెప్పం. ఒకరు కాదన్నది మాత్రం చెబుతాం.

కాబట్టి, తెల్లవాళ్ళ గొడవ మనకెందుకన్న పెద్దాయనకు మా జవాబు ఇది. అది తెల్లవాళ్ళ గొడవ అని ఎవరు చెప్పారు తమరికి? నాడియా టాస్ ఇక్కడ పుట్టలేదు. గ్రీసు దేశపు పల్లెలో పుట్టి, చిన్నప్పుడే తల్లిదండ్రుల వెంట ఈ గడ్డ మీద దిగింది. మాల్కంగా నటించిన కాలిన్ ఫ్రీల్స్ స్కాట్లండ్‌లో పుట్టి ఓడెక్కి వచ్చినవాడే. అన్నిటినీ మించి, మాల్కం కల్పితుడు కాడు. నాడియా టాస్ తమ్ముడు జాన్ అలాంటివాడు. అతణ్ణి చూసే ఆ పాత్ర రాశారు. సినిమా తెర మీదికి వచ్చేసరికి అతను లేడు. ఆ చిత్రాన్ని అతనికే అంకితమిచ్చారు. మనలాగే ఊరు విడిచి, భాష విడిచి వచ్చిన ఒక కుటుంబం, నలుగురూ ఏమనుకుంటారోనని వాళ్ళకూ ఉండి ఉండాలి. గ్రీకులు ఆ విషయంలో మనకేమీ తీసిపోరని మా పక్కింటి ముసలావిడను చూసి చెప్పగలం. ఆ అక్క తన తమ్ముణ్ణి గదిలో పెట్టి తలుపెయ్యలేదు. ఊరి మధ్య ట్రాము ఎక్కించి, దేశమంతటికీ చూపించింది. వాడి మీద జాలిపడమని అడగలేదు. వాడి చేతిపని చూడమంది.

మనలో డాక్టర్లున్నారు, ఇంజనీర్లున్నారు, కవులున్నారు, వీడియో తీసేవాళ్ళకు కొదవే లేదు. ఒక్కరు చేశారా ఆ పని?

ట్రాముల్ని కూడా ఊరికే కొట్టిపారెయ్యకండి. సిడ్నీలో 1961 ఫిబ్రవరి 25న ఆఖరి ట్రాము నడిచి ఆగిపోయింది. పట్టాలు పీకేశారు. మన పక్కనున్న కాసిల్ హిల్‌కు కూడా ఒకప్పుడు పారమట్టా నుంచి ఆవిరి ట్రాము వచ్చేది. 1923లో దాన్ని రైలుగా మార్చారు, 1932లో అదీ మూసేశారు. మెల్‌బోర్న్‌వాళ్ళు మాత్రం ఉంచుకున్నారు. అంచేతనే మాల్కం అక్కడ పుట్టగలిగాడు. ఇప్పుడు మనవాళ్ళు తప్పు తెలుసుకుని కోట్లు పోసి మళ్ళీ పట్టాలు వేస్తున్నారు. 2024 డిసెంబరులో వెస్ట్‌మీడ్ నుంచి కార్లింగ్‌ఫర్డ్ దాకా పారమట్టా మీదుగా లైట్ రైలు వచ్చింది. కెల్లీవిల్‌కు 2019 మే 26న మెట్రో రానే వచ్చింది. డ్రైవరు లేని రైలు. ముందు పెట్టెలో అద్దం దగ్గర నిలబడితే బెల్లా విస్టా నుంచి రౌస్ హిల్ దాకా గాలిలో వంతెన మీద తేలిపోతున్నట్టుంటుంది. శనివారం పొద్దున ఎప్పుడైనా ఆ పెట్టె ఎక్కి చూడండి. అద్దానికి ముక్కు ఆనించి నిలబడ్డ పిల్లల్లో మనవాడు ఒకడు తప్పకుండా ఉంటాడు. టల్లవాంగ్ నుంచి ఏ స్టేషనుకు ఎన్ని నిమిషాలో, ఏ మలుపు దగ్గర వేగం తగ్గుతుందో, తలుపులు మూసుకునే ముందు మోగే గంట ఏ స్థాయిలో ఉంటుందో చెబుతాడు. వెనకాల తండ్రి, తెలిసినవాళ్ళెవరైనా ఎక్కుతారేమోనని తల వంచుకుని ఫోను చూసుకుంటుంటాడు. ఆ తండ్రి పక్కన కూర్చుని, "మీవాడికి ఇదంతా ఎలా తెలుసండీ, నాకూ చెప్పమనండి" అని అడిగినవాడు మనలో ఎవడైనా ఉంటే వాడు ఫ్రాంక్ పాటి మనిషన్నమాట. ఆ చిల్లర దొంగ పాటి మనిషి కావడం కూడా మనకు కష్టంగానే ఉంది!

మన సినిమాల్లో ఇలాంటి మనిషికి పాత వారసత్వం లేకపోలేదు. 1954లో కె.వి. రెడ్డిగారు తీసిన 'పెద్దమనుషులు' గుర్తుందా? ఛైర్మనూ, ఊరి పెద్దలూ కలిసి ఊరిని దోచుకుంటుంటే, ఆ మాట నిర్భయంగా అనేవాడు ఒక్కడే, రేలంగి వేసిన తిక్క శంకరయ్య. తిక్కవాడు గనుక వాడి మాటకు విలువ లేదని పెద్దమనుషులు ధీమాగా ఉంటారు. ఆ రోజుల్లో జనం వాడి పక్షాన నిలబడి చూశారు. ఇప్పుడు మనం ఆ బొమ్మను ఛైర్మన్ పక్కన కుర్చీ వేసుకుని చూస్తున్నామేమోనని మా అనుమానం.

'మాల్కం'లో దోషాలు లేవని మేము అనం. తుపాకులు మరీ ఆటబొమ్మల్లా తిరుగుతాయి. మంచి మనసున్నవాణ్ణి నేరంలోకి దించడం ఫ్రాంక్‌కు తగునా అన్న ప్రశ్న చిత్రం పెద్దగా పట్టించుకోదు. జూడిత్ పట్టించుకున్నంత కూడా దర్శకురాలు పట్టించుకోలేదు. లిస్బన్ ముగింపు చిన్నపిల్లల కథలోలా ఉంది. ఇదే దంపతులు 1990లో తీసిన 'ది బిగ్ స్టీల్' కట్టుదిట్టంగా ఇంతకంటే మెరుగని మాలో ఒకరి వాదన. పెంగ్విన్ కెఫే ఆర్కెస్ట్రా వారి సంగీతం మొదట వింతగా తోస్తుంది, పది నిమిషాలకు అదే సరైనదనిపిస్తుంది. ఇవన్నీ సినిమా చూసి మాట్లాడుకోవలసినవి. చూడకుండా మాట్లాడుకోవలసినవి కావు.

ఉపసంఘంవారు ఈసారి ఎంపిక చేసిన మూడు బొమ్మల్లో రెండు మేము ఇదివరకే చూశాం. ఒకదాంట్లో కథానాయకుడు నలభైమందిని నరుకుతాడు. కుటుంబాలు వచ్చే చోట దానికి అభ్యంతరం రాలేదు. సరే, ఆ హాలు వారిది. మేము 'మాల్కం'ను మాలో ఒకరి గరాజులో వేస్తున్నాం. వచ్చే నెల రెండో శనివారం, మధ్యాహ్నం మూడింటికి. ఇల్లు ఎక్కడో చందాదార్లకు విడిగా తెలియజేస్తాం. తెరకు తెల్ల దుప్పటి కట్టాం. లైట్లు పూర్తిగా ఆర్పం, శబ్దం తగ్గించి పెడతాం. మధ్యలో లేచి తిరిగినా, పక్కవాళ్ళతో బిగ్గరగా మాట్లాడినా, చూసిన ఘట్టమే మళ్ళీ వెయ్యమని అడిగినా ఎవరూ "ష్" అనరు. జనంలో ఉండలేనివాళ్ళ కోసం పక్క గదిలో చాపలూ, దిళ్ళూ వేసి తలుపు తీసే ఉంచుతాం. బొమ్మ రైలు ఒకటి దొరికింది, పట్టాలు అటూ ఇటూ పరిచి పెడతాం. ఇంకెవరింట్లోనైనా పట్టాలుంటే తెచ్చి కలపండి, ఎంత దూరం పోతుందో చూద్దాం. టిక్కెట్టు లేదు. కుర్చీలు ఎవరివి వాళ్ళే తెచ్చుకోవాలి. పెరుగన్నం, పులిహోర, బజ్జీలు మావి. వంట ఎంతకు ఎత్తాలో తెలియాలి గనక ఎంతమంది వస్తున్నారో ముందుగా చెప్పండి. ఇంట్లో ఉన్నవాళ్ళందర్నీ లెక్కపెట్టి చెప్పండి.